వరదలో మునిగిన బుల్లెట్టు – రాళ్ళబాటకు తిరిగి సిద్ధము చేయుట

2022వ సంవత్సరము జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు వచ్చినది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక చేస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీటిని ఆ ప్రాంతమువారు చూడలేదు. బూర్గంపాడు వైపున ఒక పల్లెలో మా మేనమామగారి పశువుల కొట్టములో 1972 నాటి 350 సి.సి. బుల్లెట్టు మోటారు సైకిలు ఒకటి ఉండేది. నీరు తీసిన పిమ్మట చూస్తే హ్యాండిలు, దీపపు బుట్ట మాత్రమే శుభ్రముగా కనబడినవట. మిగిలినదంతా ఒండ్రు పట్టి, కొట్టములోని మట్టి గోడల రంగులో కలిసిపోయినది.

ఖమ్మములో ఉన్న నాకు మామయ్య టెలిఫోను చేశారు.

"అల్లుడూ, బండి మునిగింది. కడిగి, ఎండబెట్టి, ప్లగ్గు మార్చి కిక్కు కొడితే లేస్తదంటున్నడు మెకానిక్కు. కొట్టమందునా?"

"వద్దు మామయ్యా. నేను వచ్చేదాకా ఎవరినీ కిక్కు రాడ్డు మీద కాలు పెట్టనీయకండి" అన్నాను.

ఆ మాటవలన బండి బ్రతికినదని ఇంజను విప్పిన తరువాత తెలిసినది. అది ఎట్లాగో, ఆ బండిని ఇంటివద్దనే బాగుచేసి రాళ్ళబాటలకు పనికివచ్చేటట్లు ఎట్లా మార్చుకున్నామో ఈ వ్యాసములో చెప్పదలచాను. నేను కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పేవాడిని, మెకానిక్కును కాను. అందుచేత నా తప్పులు కూడ ఇందులో ఉంటవి.

నీటిలో మునిగిన ఇంజనును త్రిప్పరాదు అనడానికి రెండు కారణములు ఉన్నవి. మొదటిది అందరికీ తెలిసినదే. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో నీరు నిలిచి ఉండగా ముషలకము, అనగా పిస్టను, పైకి వస్తే ఎక్కడో ఒకచోట వంగవలసిందే. ఎక్కువగా వంగేది కనెక్టింగ్ రాడ్డు. ప్లగ్గు తీసి నీటిని కార్చివేస్తే ఈ ప్రమాదము పోతుంది.

రెండవది ఒండ్రు. ఇది ప్లగ్గు తీస్తే పోయేది కాదు. ఒండ్రు రేణువు వ్యాసము సుమారు 2 నుండి 60 మైక్రానుల వరకు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంజనులోని బేరింగులలో ఇరుసుకు, దాని గూటికి మధ్య నూనె నిలిచే సందు కూడ కొన్ని పదుల మైక్రానులే. అనగా ఒండ్రు రేణువు సరిగా ఆ సందులో పట్టే పరిమాణములో ఉన్నది. అంతకంటె పెద్ద ఇసుక రేణువు అయితే సందులోనికి దూరలేదు. అంతకంటె చిన్నదయితే నూనెతోపాటు కొట్టుకొని పోతుంది. గోదావరి ఒండ్రులో పలుగురాతి పొడి ఉంటుంది. పలుగురాయి కాఠిన్యము మోస్ కొలమానములో 7. మామూలు ఉక్కు మీద అది గీత పెడుతుంది.

పాత బుల్లెట్టులో ఈ ప్రమాదము మరింత ఎక్కువ. చాల మోటారు సైకిళ్ళలో కనెక్టింగ్ రాడ్డు క్రింది కొనను రోలర్ల మీద నిలుపుతారు. బుల్లెట్టులో మాత్రము రెండు ప్రక్కలా తెల్లలోహపు పూత ఉన్న ఒక ఉక్కు బుష్షు ఉండేది. అది రాడ్డుకు గాని, క్రాంకు పిన్నుకు గాని బిగియక, రెండింటి మధ్య నూనెలో తేలుతూ తిరుగుతుంది. చక్కగా నూనె అందినంత కాలము చప్పుడు లేకుండా పనిచేస్తుంది. కాని ఆ తెల్లలోహము మెత్తనిది. పలుగు రేణువు దానిలో గుచ్చుకొని నిలిచిపోతుంది. పిమ్మట ఆ బుష్షు బుష్షుగా ఉండదు. ఆకురాయిగా మారి క్రాంకు పిన్నును అరగదీస్తుంది. పది కిక్కులకే పని పూర్తి కాకపోవచ్చును గాని, ఇంజను అంటుకొని నిమిషమునకు వెయ్యి చుట్లు తిరగడము మొదలుపెడితే పది నిమిషములు చాలును.

నేను వెళ్ళిన రోజున మొదట విప్పినది నూనె వడపోత. ఈ ఇంజనులో నూనె అరను క్రాంకు పెట్టెలోనే వెనుక భాగమున పోతపోసినారు. క్రాంకు కొనకు ఉన్న మర రెండు చిన్న పంపులను నడుపుతుంది. ఒకటి నూనెను బేరింగుకు పంపితే, మరొకటి క్రిందికి కారినదానిని లాగి తిరిగి అరకు చేర్చుతుంది. మధ్యలో ఉన్నది ఫెల్టు వడపోత. దానిని బయటికి తీస్తే ఫెల్టు కనబడలేదు. బూడిదరంగు మట్టి ముద్ద వచ్చినది. మామయ్య దానిని వ్రేళ్ళతో నలిపి చూచి, "ఇది వరి నారుమడికి మంచిగుంటది" అన్నారు.

మామయ్య కోరిన బండి

బాగుచేయడము అంటే రెండు విధములు. ఫ్యాక్టరీ నుండి వచ్చిన రోజున ఎట్లా ఉన్నదో అట్లా చేయడము ఒకటి. ఈ కాలపు అభిరుచిపరులు ఎక్కువగా ఈ దారినే పోతారు. రంగు, బంగారు గీతలు, మెరిసే క్రోమియము పూత. ఆ బండ్లు చూడడానికి ముచ్చటగా ఉంటవి. కాని మామయ్యకు ఆ మెరుగులు అక్కరలేదు.

ఆయన 1970వ దశకములో బీడీ ఆకు కల్లముల లెక్కలు చూచే గుమాస్తాగా పనిచేశారు. ఏప్రిలు, మే మాసములలో తునికాకు కోతకు వస్తుంది. అడవి అంచు పల్లెలలో కట్టలు లెక్కపెట్టి వ్రాసుకొని సాయంత్రమునకు తిరిగి రావలెను. దారులు అంటే ఎద్దుబండ్లు పోయిన గాళ్ళు, వాగులలో గుండ్రాళ్ళు, వేళ్ళు తేలిన గట్లు. "బండిని ఉరికిస్తే పడతవు. మెల్లగ పోవాలె. కాలు కింద పెడితే వాగుల చెప్పు తడుస్తది" అని చెప్పేవారు. ఇప్పుడు తన పొలములోని రాళ్ళ గట్టు ఎక్కి వాగు దాటి అవతలి చేనుకు పోవడానికి ఆ విధముగానే మెల్లగా నడిచే బండి కావలెనని ఆయన కోరిక.

తనకు తెలియకుండానే మామయ్య చెప్పినది ఒక పోటీ యొక్క నియమము. దానిని ట్రయల్స్ అంటారు. ఇందులో వేగమునకు విలువ లేదు. రాళ్ళు, బురద, ఏటవాలు గట్లు ఉన్న కొద్ది గజముల దారిని గుర్తుపెట్టి, దానిని నేలకు కాలు మోపకుండా దాటమంటారు. ఒకసారి కాలు మోపితే ఒక మార్కు, రెండుసార్లకు రెండు, అంతకు మించితే మూడు, దాటలేక పడిపోతే ఐదు మార్కులు తప్పు క్రింద వేస్తారు. తక్కువ మార్కులు వచ్చినవాడే గెలిచినవాడు. స్కాట్లండులో 1909లో మొదలై నేటికీ జరుగుచున్న ఆరు రోజుల పోటీ వీటిలో పేరు పొందినది.

బుల్లెట్టుకు ఈ పోటీతో దగ్గరి చుట్టరికము కలదు. నేడు మనము చూచే బుల్లెట్టు వంశము 1948లో ఇంగ్లండులో ట్రయల్స్ పోటీలలోనే మొదట బయటపడినది. ఆ ఏటి కోల్మోర్ కప్ పోటీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు వెనుక చక్రమునకు కూడ స్ప్రింగులు ఉన్న బండ్లను తెచ్చినారు. అప్పటివరకు ట్రయల్స్ బండికి వెనుక స్ప్రింగులు ఉండరాదని నిపుణుల నమ్మకము. స్ప్రింగు ఉంటే చక్రము పట్టు తప్పుతుందని వారి వాదము. అదే సంవత్సరము ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ట్రోఫీ గెలిచిన బ్రిటిషు జట్టులో రెండు బుల్లెట్లు ఉన్నవి. జానీ బ్రిటన్ అనే యువకుడు ఎన్‌ఫీల్డ్ మీద 1952లోను, తిరిగి 1957లోను స్కాట్లండు పోటీ గెలిచినాడు. ఆ తరువాత వాదము చేసేవారు మిగలలేదు. కారణము సులభము. స్ప్రింగు లేని చక్రము రాయి మీదినుండి ఎగిరినప్పుడు కొంతసేపు గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్న చక్రము బండిని త్రోయలేదు. స్ప్రింగు చక్రమును తిరిగి నేలకు అదుముతుంది.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో ఈ బండ్ల తయారీ సాగినది. 1970లో ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీ ఆగిపోయినా, మద్రాసులో అదే పాత నమూనా పలు దశాబ్దములు నడిచినది. అందుచేత మామయ్యగారి 1972 బండి వయస్సుకు తమ్ముడయినా నిర్మాణములో 1950ల నాటి ఆ పోటీ బండ్లకు సోదరుడే. ఆ కంపెనీవారే 2019లో బుల్లెట్ ట్రయల్స్ అనే పేరుతో ఆ జ్ఞాపకార్థము ఒక నమూనాను మన దేశములో కొద్దికాలము అమ్మినారు.

విప్పడములో తెలిసినవి

ఇంజను విప్పే పనిని దసరా సెలవులలో మొదలుపెట్టినాము. తీసిన ప్రతి బోల్టును అట్టముక్కకు గుచ్చి, దాని స్థానము ప్రక్కన వ్రాసినాము. ఇది చాదస్తముగా కనబడవచ్చును. కాని పాత బుల్లెట్టు బోల్టులలో ఒక తిరకాసు ఉన్నది. వాటిలో చాల భాగము సైకిళ్ళకు వాడే పాత బ్రిటిషు మర కలవి. అంగుళమునకు 26 చుట్లు. నేడు ప్రతి దుకాణములో దొరికేది మెట్రిక్ మర. 5/16 అంగుళము బోల్టు వ్యాసము 7.94 మిల్లీమీటర్లు, మెట్రిక్‌లో 8 మిల్లీమీటర్ల బోల్టు చూడడానికి అచ్చముగా దానివలెనే ఉంటుంది. కాని మొదటిదానిలో చుట్టుకు చుట్టుకు మధ్య దూరము 0.98 మిల్లీమీటరు, రెండవదానిలో 1.25.

ఈ లెక్క నాకు తెలుసును. తెలిసి కూడ ఒక సాయంత్రము వెలుతురు తగ్గిన వేళ, పాత బోల్టు కనబడక, కొత్త 8 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి చేతితో ఒకటిన్నర చుట్టు దిగితే సరిపోయినదనుకొని పానా వేసినాను. ఇంకొక రెండు చుట్లు బిగువుగా దిగినది. ఆ పిమ్మట ఒక్కసారిగా వదులయినది. అల్యూమినియము పెట్టెలోని మర పొట్టువలె బోల్టుతో బయటికి వచ్చినది. ఆ రంధ్రమును పెద్దది చేసి, లోపల ఉక్కుతీగ చుట్టను దించి, తిరిగి పాత మర తెప్పించడానికి నాలుగు రోజులు పట్టినది. చేతితో చివరి వరకు దిగని బోల్టుకు పానా తగిలించరాదు.

క్రాంకును నొక్కి విడదీసి కొత్త బుష్షు వేసి తిరిగి సరిగా నిలబెట్టే పని ఇంట జరిగేది కాదు. దానికి ప్రెస్సు, మిల్లీమీటరులో నూరవ వంతు చూపే డయలు కావలెను. దానిని, తుప్పు గీతలు పడిన సిలిండరును ఖమ్మములో లేతు పనివారికి ఇచ్చినాను. క్రాంకు పిన్ను మీద గీతలు లేవు. వారు దానిని గోటితో తడిమి చూచి, "దీన్ని తిప్పలేదు కదా, అదృష్టం" అన్నారు.

ఇంటివద్ద చేయదగిన పనులలో నాకు మిక్కిలి ఆనందము కలిగించినది తుప్పు వదల్చడము. ఇది మన ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రములోని విద్యుద్విశ్లేషణమే. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, అయిదు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలుపవలెను. తుప్పు పట్టిన ఇనుప వస్తువును 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువమునకు, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువమునకు తగిలించి, రెండూ తాకకుండ తొట్టిలో ఉంచవలెను. వస్తువు మీదినుండి ఉదజని బుడగలు పైకి వస్తవి. ఎర్రని తుప్పులో కొంత నల్లని మెత్తని పొరగా మారి, మిగిలినది బుడగలతో పట్టు విడుస్తుంది. ఒక రాత్రి ఉంచి కుంచెతో రుద్దితే పాదములు పెట్టుకునే ఇనుప కడ్డీలు, చైను కవచము శుభ్రముగా వచ్చినవి. ఆమ్లములో ముంచితే మంచి ఇనుము కూడ కరుగుతుంది. ఈ పద్ధతిలో ఆ నష్టము లేదు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఉదజని మండే వాయువు. ఈ పని ఆరుబయట చేయవలెను, దగ్గర బీడీ వెలిగించరాదు. ధన ధ్రువమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు పాత్రలను వాడరాదు. దానిలోని క్రోమియము విషపదార్థముగా మారి నీటిలో కలుస్తుంది. అల్యూమినియము భాగములను ఈ తొట్టిలో వేయరాదు, సోడా వాటిని తినివేస్తుంది. స్ప్రింగులను కూడ వేయరాదు. గట్టి ఉక్కులోనికి ఉదజని చొరబడితే అది పెళుసై విరుగుతుంది. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును కనుక వాటి ధూళిని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను.

పెట్రోలు ట్యాంకు సంగతి వేరుగా చెప్పవలెను. మా ట్యాంకుకు అడుగున సూదిమొన అంత రంధ్రము పడినది. "ఖాళీదే గదా, వెల్డింగు పెట్టిద్దాం" అన్నాడు మామయ్యగారి పొరుగువాడు. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటె భయంకరమైనది. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుండి 7.6 శాతము వరకు ఉన్నప్పుడు ప్రేలుతుంది. 14 లీటర్ల ట్యాంకులో 3 శాతము ఆవిరి అంటే 0.42 లీటరు, దానికి కావలసిన పెట్రోలు రెండు మిల్లీలీటర్లకు కొద్దిగా ఎక్కువ. అర చెంచా! అంత పెట్రోలు ట్యాంకు అతుకులలోను, తుప్పు పొరలలోను ఎంత ఎండబెట్టినా దాగి ఉంటుంది. మేము నిప్పు జోలికి పోలేదు. లోపల తుప్పు తీసి, ఆరబెట్టి, పెట్రోలుకు కరగని రెసిన్ పూత పోసినాము.

మెల్లగా పోయే విద్య

ఇక మార్పుల సంగతి. మామయ్యకు, నాకు మొదటి తగాదా ఇక్కడే వచ్చినది. ఆయనకు తెలిసిన ఒక కుర్రవాడు ఫ్రేము వెనుక భాగము కోసి, పొట్టి సీటు వెల్డింగు చేసి, పొగగొట్టము పైకి ఎత్తి ఇస్తానన్నాడు. ఫోనులో చిత్రములు కూడ చూపినాడు. బాగున్నవి. కోసిన ఇనుము తిరిగి రాదని నేను పట్టుబట్టినాను. మేము చేసే ప్రతి మార్పును పానాలతో ఒక రోజులో వెనుకకు తీసుకోగలిగి ఉండవలెనని నియమము పెట్టుకున్నాము. దీనికి చట్టము కూడ తోడయినది. అది తరువాత చెబుతాను.

మెల్లగా ఎక్కడములో మొదటి సాయము ఇంజనులోని గతిపాలక చక్రముది. నాలుగు ఘాతముల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది. నిమిషమునకు 1,200 చుట్ల వద్ద సెకనుకు పది మంటలు. ఒక మంటకు మరొక మంటకు నడుమ బండిని నడిపేది గతిపాలక చక్రములో నిలువ ఉన్న గతిజ శక్తి. ఉదాహరణకు ఆ చక్రముల బరువు 9 కిలోలు, వ్యాసార్థము 8.5 సెంటీమీటర్లు అనుకొనుడు. 1,200 చుట్ల వద్ద దానిలో సుమారు 256 జౌళ్ళ శక్తి ఉంటుంది. రాయి అడ్డుపడి వేగము 600 చుట్లకు తగ్గితే, శక్తి వేగము యొక్క వర్గమును బట్టి మారుతుంది కనుక, అందులో ముప్పాతిక భాగము, అనగా 192 జౌళ్ళు బయటికి వస్తుంది. బండి, మనిషి కలిసి 240 కిలోలు అనుకుంటే ఈ శక్తి వారిని 8 సెంటీమీటర్లు, అనగా బెత్తెడు ఎత్తు ఎక్కించగలదు. థ్రాటిలు త్రిప్పనక్కరలేదు. రాయి దగ్గర గాభరాపడి థ్రాటిలు త్రిప్పినవాడి చక్రము జారుతుంది. త్రిప్పనివాడిని ఆ బరువైన ఇనుము మెల్లగా ఎత్తి అవతల దించుతుంది. మామయ్య దీనిని "బండి ఊపిరి" అంటారు.

ఆ బరువే ఈ బండి లోపము కూడ. బుల్లెట్టు 160 కిలోలకు పైగా ఉంటుంది. 1965లో శామీ మిల్లర్ సుమారు 90 కిలోల స్పెయిన్ దేశపు బుల్టాకో మీద స్కాట్లండు పోటీ గెలిచిన తరువాత పెద్ద నాలుగు ఘాతముల బండ్ల కాలము ముగిసినది. పడబోయే బండిని మనిషి ఆపగలగడము కూడ ఈ విద్యలో ఒక భాగమే కదా.

రెండవది పళ్ళచక్రముల లెక్క. ఈ బండిలో ఇంజను చక్రమునకు 25, క్లచ్చుకు 56, గేరుబాక్సు చక్రమునకు 16, వెనుక చక్రమునకు 38 పళ్ళు. మొదటి గేరు నిష్పత్తి 2.78. అన్నిటినీ కలిపి లెక్కిస్తే, ఇంజను సుమారు 14.8 చుట్లు తిరిగితే వెనుక చక్రము ఒక చుట్టు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. కాబట్టి ఇంజను వెయ్యి చుట్ల వద్ద మొదటి గేరులో వేగము గంటకు 8.2 కిలోమీటర్లు. మనిషి నడక 5 కిలోమీటర్లు. రాళ్ళమీద ఈ తేడాయే కాలు మోపిస్తుంది.

వెనుక పళ్ళచక్రమును పెద్దది చేయడము మంచి పద్ధతి. కాని ఈ బండిలో అది బ్రేకు డ్రమ్ముతో కలిసి ఒకే ముక్క. మార్చవలెనంటే డ్రమ్మే మార్చవలెను. అందుచేత ముందు 16 పళ్ళ చక్రము తీసి 14 పళ్ళది వేసినాము. దానిని చేరడానికి క్లచ్చు, దాని పెట్టె అంతా విప్పవలసి వచ్చినది. ఇప్పుడు వెయ్యి చుట్ల వద్ద వేగము 7.2 కిలోమీటర్లు. క్లచ్చును కొద్దిగా జార్చుతూ నడక వేగమునకు దిగవచ్చును. దీనికి చెల్లించే వెల కూడ ఉన్నది: తారు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఇంజను 2,600 బదులు సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. చిన్న చక్రము మీద చైను ఎక్కువగా వంగి త్వరగా అరుగుతుంది. మామయ్య రోడ్డు మీద 45 దాటరు కనుక మాకు నష్టము లేదు.

మూడవది టైరులోని గాలి. బండి బరువులో వెనుక చక్రము మీద 130 కిలోలు పడుతున్నదనుకొందాము. టైరులో చదరపు అంగుళమునకు 28 పౌనుల పీడనము ఉంటే నేలను తాకే భాగము సుమారు 66 చదరపు సెంటీమీటర్లు. అరచేయి అంత కూడ ఉండదు. గాలిని 10 పౌనులకు తగ్గిస్తే అది 185 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. టైరు గోడలు కూడ కొంత బరువు మోస్తవి కనుక ఈ లెక్క స్థూలమైనది. మెత్తని టైరు రాయి అంచు చుట్టూ ముడుచుకొని పట్టుకుంటుంది. కాని గాలి తగ్గితే టైరు రిమ్ము మీద జరుగుతుంది. దానితో ట్యూబు కూడ జరిగి గాలిమూతి తెగిపోతుంది. దీనిని ఆపడానికి టైరు అంచును రిమ్ముకు అదిమిపట్టే ప్రత్యేకమైన బోల్టు వేయవలెను. రోడ్డు ఎక్కేముందు గాలి నింపవలెను. మెత్తని టైరుతో రోడ్డు మీద వేగముగా పోతే అది వేడెక్కుతుంది, బండి వంకరలు పోతుంది.

బుల్లెట్టు ఫ్రేములో ఇంజను క్రింద గొట్టములు ఉండవు. క్రాంకు పెట్టెయే ఫ్రేములో ఒక అంగము. రాయి తగిలితే నేరుగా అల్యూమినియమునకే తగులుతుంది. కాబట్టి 4 మిల్లీమీటర్ల రేకును పడవ అడుగువలె వంచి క్రింద బిగించినాము. వెడల్పు హ్యాండిలు ఒకటి పెట్టినాము. మార్పులు ఇంతే. పొగగొట్టము, సైలెన్సరు, మడ్‌గార్డులు పాతవే.

ఇక్కడ చట్టము మాట. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు, తయారీదారు ఇచ్చిన వివరములకు తేడా వచ్చేటట్లు వాహనమును మార్చరాదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏళ్ళు దాటిన వాహనములను పురాతన వాహనములుగా రిజిస్టరు చేసుకొనే నియమములను ప్రకటించినది. చాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పులు లేనివాటికే ఆ గౌరవము. అయితే అట్లా రిజిస్టరు అయిన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు మొదలైన వాటికే తప్ప రోజువారీ పనికి వాడరాదు. మామయ్యకు రోజువారీ పనియే ముఖ్యము కనుక ఇప్పటికి మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకున్నారు. ఫ్రేము కోయలేదు కనుక ఆ రెండవ ద్వారము కూడ మూసుకుపోలేదు.

పెట్రోలు విషయములో పాత బండ్లవారికి కొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు అణువులో ఆమ్లజని ముందే ఉన్నది. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావలసి ఉండగా, ఈ మిశ్రమమునకు సుమారు 13.5 చాలును. పాత కార్బురెటరు ఈ సంగతి ఎరుగదు. అది పాత లెక్క ప్రకారమే ఇంధనమును వదలుతుంది. ఫలితముగా మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కుతుంది. ప్రధాన జెట్టును కొద్దిగా పెద్దది వేసి, ప్లగ్గు రంగు చూచి సరిచేసినాము. పాత రబ్బరు గొట్టములను, కుళాయిలోని బెండు వాషర్లను మార్చినాము. ఇథనాలు తేమను పీల్చుతుంది కనుక వానాకాలములో బండిని నెలల తరబడి నిలువ ఉంచవలసివస్తే ట్యాంకు ఖాళీ చేస్తాము.

ఇంజను బిగించిన తరువాత వెంటనే అంటించలేదు. ప్లగ్గు తీసి, కొత్త నూనె పోసి, రాకర్లకు పోయే సన్నని గొట్టము బిగింపు వదులు చేసి, అక్కడ నూనె కనబడేదాకా కిక్కు త్రొక్కినాము. మామయ్య, నేను వంతులవారీగా త్రొక్కితే చాలాసేపటికి ఒక బొట్టు వచ్చినది.

అడవిలోనికి పోలేదు. రిజర్వు అడవిలోనికి, కిన్నెరసాని అభయారణ్యములోనికి అనుమతి లేకుండా బండి తోలరాదు. అదిగాక ఎండుటాకుల మీద వేడి పొగగొట్టము ఆగితే ఏమవుతుందో వేసవిలో అక్కడ ఉన్నవారికి తెలుసును. మామయ్య పొలములోనే రాళ్ళ గట్టు మీద పన్నెండు మీటర్ల దారికి సున్నముతో గీతలు గీసినాము. నేను మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ ఐదేసి మార్కులు తెచ్చుకున్నాను. డెబ్బది దాటిన మామయ్య పంచె ఎగగట్టి, కడ్డీల మీద నిలబడి, ఇంజను దాదాపు ఆగిపోతుందేమో అన్నంత మెల్లగా ఎక్కి, చివరి రాయి దగ్గర ఒక్కసారి ఎడమకాలు మోపినారు.

200 కిలోమీటర్లు తిరిగిన తరువాత ఫెల్టు వడపోత తీసి చూచాను. అంత కడిగినా, ఊదినా, పెట్టెలోని ఏ నూనె దారిలో దాగినదో గాని, చిటికెడు బూడిదరంగు ఒండ్రు దాని మీద ఉన్నది. నూనె మార్చి, ఫెల్టు మార్చినాము. 500 కిలోమీటర్ల వద్ద మరల తీసినాము. ఈసారి ఫెల్టును పెట్రోలులో పిండి, ఆ పెట్రోలును తెల్లని గిన్నెలో తేరనిచ్చి, ఎండలోనికి పట్టుకొనిపోయి ఇద్దరమూ చూచినాము. అడుగున ఏమీ లేదు.